తీర్పు చెప్పిన రోజు నుంచా, నకలు చేతికందిన రోజు నుంచా? అప్పీలు గడువు లెక్క

వడ్డేపల్లి_92 | 16 జులై 2025, రాత్రి 8:10

హన్మకొండ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేసిన పర్మనెంట్ ఇంజంక్షన్ (అవతలివాళ్లు మా జోలికి రాకుండా శాశ్వత నిషేధం) దావా కొట్టేశారు. తీర్పు తేదీ 10-06-2025. సర్టిఫైడ్ కాపీ (నకలు) జులై 7న చేతికి వచ్చింది. అప్పీలుకు 30 రోజులు కాబట్టి ఆగస్టు 6 దాకా టైముందని లెక్కేసుకున్నాం. వకీలు గారు ఊళ్లో లేరు, ఆగస్టు 1న వస్తారు. అప్పటిదాకా ఆగొచ్చా? ఇంకో సంగతి, మా దగ్గర తీర్పు కాపీ ఒక్కటే ఉంది, డిక్రీ (తీర్పు సారాంశంతో కోర్టు విడిగా గీసే ఉత్తర్వు) కాపీ రాలేదు. డిక్రీ రానిదే గడువు మొదలే కాదని ఒకరన్నారు. నిజమేనా?

నకళ్ల_గుమాస్తా | 16 జులై, రాత్రి 8:26

ఆగకండి అన్నా. ఆగస్టు 6 లెక్క తప్పు. కాపీ చేతికొచ్చిన తేదీకి ఈ లెక్కల విలువే లేదు.

ముందు ఒక పని చేయండి. నకలు వెనక్కి తిప్పి చూడండి. రబ్బరు ముద్ర ఉంటది, అండ్ల తేదీలు చేతితోని నింపి ఉంటయి. దరఖాస్తు పెట్టింది ఎప్పుడు, ఛార్జీలు అడిగింది ఎప్పుడు, కట్టింది ఎప్పుడు, కాపీ తయారైంది ఎప్పుడు, ఇచ్చింది ఎప్పుడు. ఐదు తేదీలూ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. మీ గడువు ఆ ముద్రలనే ఉన్నది.

వడ్డేపల్లి_92 | 16 జులై, రాత్రి 8:41

ఇవిగో:
దరఖాస్తు 16-06
ఛార్జీలు అడిగినది 18-06
కట్టినది 23-06
కాపీ సిద్ధం 27-06
ఇచ్చినది 07-07

నకళ్ల_గుమాస్తా | 16 జులై, రాత్రి 9:05

ఇగ చూడండి. లిమిటేషన్ చట్టం 1963ల షెడ్యూలు ఉంటది, అండ్ల ఆర్టికల్ 116. సివిల్ డిక్రీ మీద అప్పీలు హైకోర్టుకైతే 90 రోజులు, ఇంకే కోర్టుకైనా 30 రోజులు. రెండూ డిక్రీ తేదీ నుంచే. మీది జిల్లా కోర్టుకు పోయే అప్పీలు, కాబట్టి 30.

తీర్పు చెప్పిన రోజును సెక్షన్ 12 తీసేస్తది. జూన్ 11 ఒకటో రోజు. జూన్‌ల 20 రోజులు, జులైల 10 రోజులు. నకలు సంగతి పక్కన పెడితే జులై 10తోనే అయిపోయింది.

ఇప్పుడు నకలుకు పట్టిన రోజులు కలుపుకోవాలె. దరఖాస్తు పెట్టిన 16 నుంచి సిద్ధమైన 27 దాకా, రెండు చివర్లూ కలిపి 12 రోజులు. జులై 10కి 12 కలిపితే జులై 22, మంగళవారం. ఇది మీకు దొరికే గరిష్ఠం.

కాపీ 27న తయారై నోటీసు బోర్డు మీద పడ్డది. మీరు 7వ తేదీన తీసుకున్నరు. ఆ నడుమ పది రోజులు మీ ఖాతానే, కోర్టు ఖాతా కాదు. అట్లనే తీర్పు వచ్చినంక దరఖాస్తు పెట్టనీకి 16 దాకా ఆగిన్రు. ఆ రోజులు కూడా పోయినట్టే.

మానేరు_తీరం | 16 జులై, రాత్రి 9:32

గుమాస్తా గారి లెక్క సరైనదే, కానీ 22ను నమ్ముకోవద్దని నా సలహా. సెక్షన్ 12 వాడిన మాట నకలు పొందడానికి 'అవసరమైన' కాలం. పట్టిన కాలమంతా కాదు. ఛార్జీలు 18న అడిగితే మీరు 23న కట్టారు. నడుమ 19, 20, 21, 22 నాలుగు రోజులు. ఆ ఆలస్యం కాపీయింగ్ సెక్షన్‌ది కాదు, దరఖాస్తుదారుది. అవతలి వకీలు ముద్ర చూశాడంటే మొదట పట్టుకునేది ఇదే. ఆ నాలుగూ తీసేస్తే మిగిలేది 8. జులై 18, శుక్రవారం. అంటే ఎల్లుండి.

ఆ నాలుగు రోజుల మీద వాదించి గెలవొచ్చు కూడా. కానీ గెలవాల్సిన అవసరమే రాకుండా చూసుకోవడం సులువు కదా. 18నే వేసేయండి.

డిక్రీ సంగతి. తీర్పు ఏ రోజు చెబితే డిక్రీ మీద ఆ తేదీనే వేయాలని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 20 రూల్ 7 చెబుతోంది. డిక్రీ గీయడం ఎన్నాళ్లు ఆలస్యమైనా తేదీ మాత్రం 10-06-2025 అనే ఉంటుంది. తీర్పు తర్వాత 15 రోజుల్లో డిక్రీ తయారు చేయాలని రూల్ 6ఎ. అది తయారు కాకపోయినా తీర్పు నకలుతో అప్పీలు వేసుకోవచ్చని అదే రూలు అంటుంది. ఆర్డర్ 41 రూల్ 1 ఇప్పుడు అడిగేది తీర్పు నకలునే. 'డిక్రీ రాలేదు కాబట్టి గడువు మొదలవలేదు' అనే మాట పాత రోజులది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, జనాన్ని ముంచుతూనే ఉంది.

సెక్షన్ 12 కింద ఉన్న వివరణ కూడా చదవండి. నకలుకు దరఖాస్తు పెట్టకముందు కోర్టు డిక్రీ తయారు చేయడానికి తీసుకున్న కాలాన్ని మినహాయించరు. అందుకే తీర్పు చెప్పిన సాయంత్రమే దరఖాస్తు పెట్టాలి. ఆ ఒక్క కాగితం ఆ రోజు పడి ఉంటే ఇప్పుడు ఈ హడావుడి ఉండేది కాదు.

పాకాల_పోరడు | 16 జులై, రాత్రి 9:50

ఒక డౌటు. తీర్పు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఎక్కిన తేదీ నుంచి లెక్కేస్తే? కొన్ని తీర్పులు వారం తర్వాత అప్‌లోడ్ అవుతున్నాయి.

మానేరు_తీరం | 16 జులై, రాత్రి 9:58

కుదరదు తమ్ముడూ. ఆర్టికల్ 116లో ఉన్నది డిక్రీ తేదీ. అప్‌లోడు తేదీకి అక్కడ చోటు లేదు. వెబ్‌సైటు కాపీ అప్పీలుకు గ్రౌండ్స్ (తీర్పు ఎందుకు తప్పో చెప్పే కారణాలు) రాసుకోవడానికి పనికొస్తుంది. నకలు వచ్చేదాకా వకీలును ఖాళీగా కూర్చోబెట్టకుండా, సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కొట్టి తీర్పు దింపుకుని డ్రాఫ్టు మొదలుపెట్టించొచ్చు. అంతవరకే.

వడ్డేపల్లి_92 | 16 జులై, రాత్రి 10:14

కాళ్లు వణుకుతున్నాయి నిజంగా. రేపు పొద్దున్నే వేరే వకీలును పట్టుకుంటాను. ఏమేం తీసుకెళ్లాలి? పాత వకీలు నుంచి నో అబ్జెక్షన్ లేకుండా కొత్తాయన వకాలత్ (వకీలుకు అధికారమిచ్చే పత్రం) వేయొచ్చా?

అదాలత్_సెంటర్ | 16 జులై, రాత్రి 10:37

అప్పీలు కొత్త ప్రొసీడింగ్, కొత్త వకాలత్‌తో వేరే వకీలు వేయడం మామూలే. వకాలత్ మీద వెల్ఫేర్ స్టాంపు మరచిపోకండి. చిన్నదే, కానీ ఫైలింగ్‌లో కాగితం వెనక్కి రావడానికి అది చాలు.

పట్టుకెళ్లేవి: తీర్పు సర్టిఫైడ్ కాపీ ఒరిజినల్, దావా ప్లెయింటు (దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ (అవతలివాళ్ల జవాబు), ఇరువైపుల సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ల (సాక్ష్యంగా పెట్టిన కాగితాల) కాపీలు. వాంగ్మూలాలు లేకపోయినా రేపటికి ఆగకండి. గ్రౌండ్స్ తీర్పు చదివి రాసేవి. తర్వాత అదనపు గ్రౌండ్స్ కావాలంటే కోర్టు అనుమతితో తీసుకోవచ్చు (ఆర్డర్ 41 రూల్ 2). కోర్టు ఫీజు మామూలుగా దావాకు కట్టినంతే, కాబట్టి ప్లెయింటులో వాల్యుయేషన్ పేరా చూపించండి. ఫీజు తక్కువ పడితే సీపీసీ సెక్షన్ 149 కింద తర్వాత కట్టడానికి అనుమతి అడగొచ్చు. గడువు దాటితే అంత సులువుగా అతకదు. అందుకని ఫీజు చాలదని రేపు ఆగిపోకండి.

ఏ కోర్టు అన్నది కూడా సరిచూసుకోండి. 2022 జూన్ 2 నుంచి కొత్త జిల్లాలకు సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. అంతకుముందు ఉమ్మడి వరంగల్‌కు ఒకే జిల్లా కోర్టు. ఇప్పుడు హన్మకొండ, వరంగల్, జనగామ, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి దేనికది వేరు. మీ దావా హన్మకొండది కాబట్టి హన్మకొండ జిల్లా కోర్టు. దావా పాత రోజుల్లో వేసిందైతే, మధ్యలో బదిలీ అయి నంబరు మారిందేమో తీర్పు మొదటి పేజీలో చూడండి. పాత నంబరు రాస్తే కాగితం తిరిగొస్తుంది.

పొరపాటున వేరే కోర్టులో వేస్తే ఏమవుతుందంటే, సరైన కోర్టులో వేసుకోమని తిరిగిస్తారు. అక్కడ పోయిన రోజులకు లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 నేరుగా అక్కరకు రాదు, అది దావాలకు, దరఖాస్తులకు. అప్పీలుకైతే అదే కారణాన్ని సెక్షన్ 5 (ఆలస్యం మాఫీ) పిటిషన్‌లో చెప్పుకోవాలి.

గోదావరిఖని_లా | 16 జులై, రాత్రి 11:02

ఒక ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు. అప్పీలుతో పాటు 'స్టే' పిటిషన్ వేయిద్దామని చాలామంది అనుకుంటారు. ఇక్కడ స్టే చేయడానికేమీ లేదు. దావానే కొట్టేశారు, అమలు కావాల్సిన డిక్రీ ఏదీ అవతలివాళ్ల చేతిలో లేదు. దావా నడిచినన్నాళ్లూ ఇంటెరిమ్ ఇంజంక్షన్ ఉండి ఉంటే అది దావాతోనే పోయింది, జూన్ 10 నుంచి లేదు. కాబట్టి అప్పీలు కోర్టులో ఆర్డర్ 39 రూల్స్ 1, 2 కింద మళ్లీ ఇంజంక్షన్ అడగాలి. రేపు అప్పీలు మెమోతో పాటే ఆ ఐ.ఎ. (మధ్యంతర దరఖాస్తు) అఫిడవిట్ కూడా టైపు చేయించండి. పొలంలో పంట ఉంటే ఈ వానాకాలం పహాణీ, ఫొటోలు జత చేయండి.

అదే మీమీద డబ్బు డిక్రీ గానీ, స్వాధీనం డిక్రీ గానీ అయి ఉంటే కథ వేరు. అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదని ఆర్డర్ 41 రూల్ 5 చెబుతుంది. అవతలివాడు ఈ.పి. (డిక్రీ అమలు పిటిషన్) వేసుకోవచ్చు. అప్పీలు గడువు ఇంకా ఉండగా, తీర్పిచ్చిన కోర్టునే కొన్నాళ్లు అమలు ఆపమని అడగొచ్చు, రూల్ 5(2). దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

గడువు దాటాక వేస్తే ఇంకో దెబ్బ. ఆర్డర్ 41 రూల్ 3ఎ ప్రకారం ఆలస్యం మాఫీ పిటిషన్, అఫిడవిట్ అప్పీలుతో పాటే పెట్టాలి. దాని సంగతి తేలి, అప్పీలు వింటామని కోర్టు నిర్ణయించేదాకా అమలు మీద స్టే ఇవ్వడానికి వీల్లేదు. 'పది రోజులే కదా, మాఫీ చేస్తారు' అనుకునేవాళ్లు చూడాల్సింది ఇక్కడ. మాఫీ దొరకొచ్చు. ఈలోపు అమీనా (డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి) ఇంటి ముందుకు రావచ్చు.

పాకాల_పోరడు | 17 జులై, ఉదయం 7:15

మరీ అంత భయపెట్టాలా? సుప్రీంకోర్టు 1987లోనే కాతిజీ కేసులో ఆలస్యాన్ని ఉదారంగా చూడమంది. లేటుగా వేసి ఎవరికీ లాభం ఉండదు, టెక్నికల్ కారణంతో న్యాయం ఆపొద్దు అని. క్లాసులో మాకు మొదట చెప్పేది అదే.

మానేరు_తీరం | 17 జులై, ఉదయం 7:48

కాతిజీలో ఆలస్యం ఎన్ని రోజులో చూశావా? నాలుగు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని నాలుగు వందల రోజులకు అడుగుతుంటారు.

1998లో ఎన్. బాలకృష్ణన్ కేసులో 883 రోజులు మాఫీ అయ్యాయి. ఎన్ని రోజులన్నది కాదు, వివరణ నమ్మదగ్గదా కాదా అన్నదే చూస్తామన్నారు. ఇక అటువైపు 2013లో బసవరాజ్, సరైన కారణం లేకుంటే జాలితో గడువు పెంచడం కుదరదని. 2024 ఏప్రిల్‌లో పాతపాటి సుబ్బారెడ్డి, ఇది ఆంధ్రప్రదేశ్ భూసేకరణ పరిహారం కేసు, 5659 రోజుల ఆలస్యం. ఒప్పుకోలేదు. ఇతర రైతులకు ఎక్కువ పరిహారం వచ్చిందన్నది కూడా కారణం కాదన్నారు. మన దగ్గర భూసేకరణ కేసుల్లో ఎక్కువగా వినిపించేది ఆ వాదనే కాబట్టి ఇది గుర్తుంచుకో. ప్రభుత్వానికీ వేరే కొలత లేదు, 2012లో లివింగ్ మీడియా కేసులో ఫైలు టేబుళ్ల మీద తిరిగిందన్న మాట పనికిరాదన్నారు.

రెండు వరసల తీర్పులూ చట్టమే. నీ అఫిడవిట్‌లో ఏముందన్నదే నిన్ను ఏ వరసలో నిలబెట్టేది. ఇంకోటి, అవతలివాడు అభ్యంతరం చెప్పకపోయినా గడువు దాటిన అప్పీలును కొట్టేయాల్సిన బాధ్యత కోర్టుదే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 3. 'అవతలి వకీలు మంచివాడు, అడ్డు చెప్పడు' అనేది ఇక్కడ నడవదు.

అదాలత్_సెంటర్ | 17 జులై, ఉదయం 8:20

అఫిడవిట్ గురించి, ఎందుకంటే పిటిషన్లు ఎక్కువగా కొట్టుకుపోయేది అక్కడే.

వీగిపోయే పేరా ఇలా ఉంటుంది: 'నాకు అనారోగ్యం వల్లను, ఇతర అనివార్య కారణాల వల్లను సకాలంలో వకీలును కలవలేకపోయాను, ఆలస్యం ఉద్దేశపూర్వకం కాదు.' ఏ జబ్బు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ ఆసుపత్రి, ఎప్పుడు కోలుకున్నారు, కోలుకున్న రోజుకూ వేసిన రోజుకూ మధ్య ఏం చేశారు, ఒక్కటీ లేదు. 'బెడ్ రెస్ట్' సర్టిఫికెట్ ఒకటి జత చేస్తారు, దాని మీద తేదీ పిటిషన్ వేసిన వారానిది.

నిలబడే పేరాలో తేదీలుంటాయి. జులై 4న చేరిక, 19న డిశ్చార్జి, డిశ్చార్జి సమ్మరీ జత. 22న నకలు తీసుకోవడం, 24న వకీలుకు అందజేయడం, 28న డ్రాఫ్టు, 30న సంతకం. ఖాళీ రోజు ఉంటే అక్కడే ప్రశ్న పడుతుంది.

కారణం ఎప్పుడు పుట్టిందన్నది కూడా ముఖ్యం. గడువు అయిపోయిన తర్వాత జబ్బు పడితే, అది గడువులోగా ఎందుకు వేయలేదన్నదానికి జవాబు కాదు. 1981లో అజిత్ సింగ్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

రోజుల సంఖ్య తప్పు రాయడం కూడా మామూలు పొరపాటే. చివరి రోజు జులై 18, వేసింది ఆగస్టు 11 అనుకోండి. 19 నుంచి లెక్క: జులైలో 13, ఆగస్టులో 11, మొత్తం 24. పిటిషన్‌లో 20 అని ఉంటే మిగతా నాలుగు రోజులకు మాఫీ అడగనట్టే. ఎలా లెక్కేశారో ఒక వాక్యం అఫిడవిట్‌లోనే రాయండి, ఆఫీసుకూ సులువు, కోర్టుకూ సులువు.

వడ్డేపల్లి గారూ, ఏదైనా జరిగి రేపు తప్పిపోయి సోమవారమో మంగళవారమో వేయాల్సి వస్తే, గడువు 22 అని వాదిస్తూనే, జాగ్రత్త కోసమని రాసి 18 నుంచి లెక్కేసిన మాఫీ పిటిషన్ కూడా పెట్టించండి.

ఎనుమాముల | 17 జులై, ఉదయం 9:40

మంచి చర్చ. సివిల్ అప్పీలు కాకుండా వేరే చట్టాల గడువులు ఎవరైనా చెబుతారా? వ్యాపారులకు జీఎస్టీ, కన్స్యూమర్, చెక్ బౌన్స్ ఎక్కువగా తగులుతాయి.

గోదావరిఖని_లా | 17 జులై, ఉదయం 10:25

జీఎస్టీ: ఆర్డరు అందిన రోజు నుంచి 3 నెలలు, కారణం చూపితే ఇంకో నెల, ఆపైన అప్పీలు అథారిటీ చేతిలో ఏమీ లేదు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. పోర్టల్‌లో ఆర్డరు పడితే అందినట్టే అని డిపార్టుమెంటు వాదిస్తుంది, కాబట్టి లాగిన్ వదిలేయకండి.

కన్స్యూమర్: జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద రాష్ట్ర కమిషన్‌కు 45 రోజులు. డబ్బు కట్టాల్సిన వాళ్లు అప్పీలు వేస్తే సగం డిపాజిట్. రాష్ట్రం నుంచి జాతీయ కమిషన్‌కు 30 రోజులే.

చెక్ బౌన్స్: మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకు 30 రోజులు. చెక్కుల చట్టం (ఎన్ఐ యాక్ట్) సెక్షన్ 148 కింద జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం 60 రోజుల్లో కట్టమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు, కారణం ఉంటే మరో 30. శిక్ష మూడేళ్ల లోపు అయి బెయిలు మీద ఉన్నవారైతే తీర్పు చెప్పిన రోజే, అదే కోర్టు హాలులో, అప్పీలు వేసేదాకా శిక్ష నిలిపివేయమని పిటిషన్ ఇవ్వాలి. వకీలు ఆ పిటిషన్, జామీనుదారులు సిద్ధంగా లేకుండా తీర్పు వినడానికి వెళ్తే సాయంత్రానికి జైలు. సెషన్స్ జడ్జి వేసిన శిక్ష మీద హైకోర్టుకు 60 రోజులు, మరణశిక్ష అయితే 30. శిక్ష పడ్డవారికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. జైల్లో ఉన్నవారు జైలు అధికారి చేతికి అప్పీలు ఇవ్వొచ్చు.

యాక్సిడెంటు క్లెయిములు: అవార్డు తేదీ నుంచి 90 రోజులు, హైకోర్టుకు. ఫ్యామిలీ కోర్టు: ఫ్యామిలీ కోర్టుల చట్టంలో 30, హిందూ వివాహ చట్టంలో 90. ఏది వర్తిస్తుందని హైకోర్టుల్లో వాదనలు నడిచాయి. మీరు 30 అనుకునే వేయండి, ఎవరితోనూ వాదన ఉండదు.

రెవెన్యూ ఆర్డర్లు ఈ లెక్కల్లోకి రావు. ఆ ఆర్డరు ఏ చట్టం కింద ఇచ్చారో దాంట్లో చూడాలి.

మానేరు_తీరం | 17 జులై, ఉదయం 11:10

నేషనల్ హైవే భూసేకరణ విడిగా చెప్పాలి. కరీంనగర్–వరంగల్ 563, మంచిర్యాల–వరంగల్–ఖమ్మం 163జీ, వీటి కింద భూమి పోయినవాళ్లు ఈ జిల్లాల్లో చాలామంది. పరిహారం తక్కువని ఆర్బిట్రేటర్ దగ్గరికి, అంటే మామూలుగా కలెక్టర్ దగ్గరికి వెళ్తారు. ఆ అవార్డు నచ్చకపోతే దాన్ని అప్పీలు అనుకుని 90 రోజులు, మాఫీ అంటూ కూర్చుంటారు. అది అప్పీలు కాదు. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద జిల్లా కోర్టులో వేసే దరఖాస్తు. అవార్డు చేతికందిన రోజు నుంచి 3 నెలలు, కారణం ఉంటే ఇంకో 30 రోజులు. 'ఆ తర్వాత వీల్లేదు' అని చట్టంలోనే రాసి ఉంది. 31వ రోజున వస్తే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 మాఫీ లేదని సుప్రీంకోర్టు 2001లో పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసులో తేల్చేసింది.

నెల అంటే క్యాలెండరు నెల. మార్చి 15న అందితే మూడు నెలలు జూన్ 15తో అవుతాయి, మరో 30 రోజులు జులై 15 దాకా. సంతకం చేసిన అవార్డు ప్రతి ఏ రోజు అందిందో కవరుతో సహా దాచండి. రిజిస్టర్డ్ పోస్టు కవరు చించి పారేసేవాళ్లకు ఆ తేదీ రుజువు చేయడం కష్టం.

నకళ్ల_గుమాస్తా | 17 జులై, మధ్యాహ్నం 12:30

సెలవుల ముచ్చట కూడా చెప్పాలె. చివరి రోజు కోర్టు బంద్ ఉంటే తెరిచిన రోజు వేయొచ్చు, లిమిటేషన్ చట్టం సెక్షన్ 4. ఆదివారమైనా, రెండో శనివారమైనా, దసరా సెలవులైనా, మే నెల సెలవులైనా అంతే. ఏ కోర్టుల వేయాల్నో ఆ కోర్టు బంద్ ఉండాలె. మేడారం జాతరకు ఇక్కడ లోకల్ హాలిడే ఇచ్చి కోర్టు మూసినా, హైకోర్టుల వేయాల్సిన సెకండ్ అప్పీలుకు (అప్పీలు తీర్పు మీద మళ్ల వేసే అప్పీలు) అది పనికిరాదు. అక్కడ కోర్టు నడుస్తనే ఉంటది.

సెలవు నడుమల వచ్చిపోతే రోజులు కలవవు. చివరి రోజు సెలవుల పడితెనే లాభం. నకలు దరఖాస్తు కూడా గడువు లోపటనే పడాలె. 30 రోజులు దాటినంక దరఖాస్తు పెట్టి, కాపీకి పట్టిన రోజులు తీసేయమంటే తీయరు.

మానేరు_తీరం | 17 జులై, మధ్యాహ్నం 12:52

దానికి ఒక తోక ఉంది. సెక్షన్ 34లోని 3 నెలలు మే సెలవుల్లో ముగిస్తే తెరిచిన రోజు వేయొచ్చు. కానీ ఆ అదనపు 30 రోజులు సెలవుల్లో ముగిస్తే సెక్షన్ 4 ఆదుకోదు. అది నిర్ణీత గడువు కాదు, కోర్టు దయ మీద ఇచ్చే వెసులుబాటు మాత్రమేనని 2012లో అస్సాం అర్బన్ వాటర్ సప్లై కేసులో చెప్పారు. ఏప్రిల్ చివర్లో 3 నెలలు దాటిన రైతు, మేలో కోర్టు లేదు కదా, జూన్‌లో చూద్దాం అనుకుంటే అంతే సంగతులు.

పాకాల_పోరడు | 17 జులై, మధ్యాహ్నం 1:20

ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం హాజరు కాకపోతే ఇచ్చే డిక్రీ) అయితే? అదే కోర్టులో సెట్ అసైడ్ (డిక్రీ రద్దు చేయమనే దరఖాస్తు) వేయాలా, అప్పీలా?

గోదావరిఖని_లా | 17 జులై, మధ్యాహ్నం 1:44

రెండు దారులూ ఉన్నాయి, రెండిటికీ 30 రోజులే (అప్పీలు హైకోర్టుకైతే 90). సెట్ అసైడ్‌లో సమన్లు సరిగ్గా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30. ఒకటి నడుస్తుంటే రెండోదానికి గడియారం ఆగదు. సెట్ అసైడ్ పోయాక అప్పీలుకు వస్తే, అక్కడ నిజాయితీగా పోరాడిన కాలాన్ని మాఫీ కారణంగా చూడొచ్చని 2019లో భివ్‌చంద్ర శంకర్ మోరే కేసులో అన్నారు. హక్కుగా అయితే కాదు.

డబ్బుల్లేక ఆగేవాళ్లకు ఒక మాట. కోర్టుల్లోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు. కానీ అక్కడ దరఖాస్తు పెట్టినంత మాత్రాన గడువు ఆగదు. 28వ రోజున కాకుండా మూడో రోజున వెళ్లాలి.

వడ్డేపల్లి_92 | 18 జులై, సాయంత్రం 5:35

వేశాం. మధ్యాహ్నం 3 తర్వాత పడింది, ఎస్.ఆర్. నంబరు (కాగితాలు అందినప్పుడు వేసే తాత్కాలిక నంబరు) ఇచ్చారు. అప్పీలు నంబరు ఇంకా రాలేదు. ఇంజంక్షన్ ఐ.ఎ. కూడా జత చేశాం. మాఫీ పిటిషన్ అక్కర్లేదని వకీలు గారు అన్నారు, ముద్ర జెరాక్సు మీద లెక్క రాసి పెట్టారు. అందరికీ దండాలు.

అదాలత్_సెంటర్ | 18 జులై, రాత్రి 7:10

మంచి పని. ఎస్.ఆర్. పడిన తేదీయే మీ ఫైలింగ్ తేదీ. ఇక ఆఫీసు స్క్రూటినీ (కాగితాల పరిశీలన). మూడు నాలుగు రోజులకోసారి అడగమనండి. అభ్యంతరాలతో కాగితాలు తిరిగొస్తే సవరించి మళ్లీ ఇవ్వడానికి గడువు పెడతారు. దాన్ని దాటితే రీప్రజెంటేషన్ ఆలస్యానికి ఇంకో మాఫీ పిటిషన్, ఇంకో అఫిడవిట్. గడువులోగా వేసిన అప్పీళ్లు కూడా వకీలు ఆఫీసు బీరువాలో 'రిటర్న్' అయి నెలలు పడి ఉండేది ఇక్కడే.

వడ్డేపల్లి_92 | 25 జులై, రాత్రి 8:02

మీరన్నట్టే నిన్న తిరిగొచ్చింది. మూడో రెస్పాండెంటు (అప్పీలులో ప్రతివాది) తండ్రి పేరు తీర్పులో ఉన్నట్టు లేదట, రెస్పాండెంట్లకు ఇవ్వాల్సిన కాపీలు ఒక సెట్టు తక్కువట. 7 రోజులు టైమిచ్చారు.

నకళ్ల_గుమాస్తా | 25 జులై, రాత్రి 8:15

రెండూ పది నిమిషాల పని. పేరు తీర్పు మొదటి పేజీల ఎట్ల ఉందో అక్షరం పొల్లు పోకుండా అట్లనే కొట్టించండి, అది తప్పున్నా సరే. సవరణ తర్వాత అడగొచ్చు. 7 రోజులు రిటర్న్ తేదీ నుంచి నడుస్తయి, మీకు తెలిసిన రోజు నుంచి కాదు. సోమవారం పొద్దుగాల కౌంటర్ తెరవంగనే ఇచ్చేయండి.